మొదట వచ్చినవాళ్ల రాయి

సూరత్‌లోని మా వడోద్‌లో సంఘం హాలు మెట్ల పక్కన ఒక నల్లరాయి ఉంది. పక్కన నిలబడితే నా భుజం దాకా వస్తుంది. నల్లగొండ వైపు నుంచి నేతపనికని సూరత్‌కు మొట్టమొదట వచ్చిన మనవాళ్ల పేర్లు దాని మీద తెలుగులో చెక్కి ఉంటాయి. ఆ అక్షరాలు నా చేతిరాత. ఆ రాయి కోసం నేను ఎంతమందితో కొట్లాడానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేయదు, హుషారొస్తుంది. కానీ గెలిచింది నేను కాదు. నేను అరిచాను, అంతే. గెలిచింది మా అమ్మ.

నేను ఇక్కడి తెలుగు మీడియం బడిలో టీచర్ని. గుజరాత్‌లో తెలుగు బడేమిటని ఊరినుంచి వచ్చిన చుట్టాలు నోరు వెళ్లబెడతారు. ఉంది మరి. మా పిల్లలు ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, కొట్లో గుజరాతీ మాట్లాడి, బడికొచ్చి ఆ మూడూ కలిపి నా ప్రాణం తీస్తారు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని పేరు. పెళ్లి బ్యానరు కావాలన్నా, బోనాలకు బోర్డు కావాలన్నా నా దగ్గరికే వస్తారు. రాయి సంగతి కూడా అట్లాగే వచ్చింది.

కరోనాకు ముందటి చలికాలం అది. హాలుకు రంగులు వేయిస్తూ, మొదట వచ్చినవాళ్ల పేర్లతో ఒక రాయి పెట్టిద్దామని కమిటీ అనుకుంది. రాయి ఇంకా కొననేలేదు, దాని మీద గుడ్డ ఎవరు తీయాలన్న దాని గురించి రెండు మీటింగులు జరిగాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ఆ కమిటీకి పెద్ద మా కాక. సొంత కాక కాదు. మా నాయినతో కలిపి రైలెక్కి వచ్చిన ఐదుగురిలో అందరికంటే చిన్నవాడు. మా నాయిన పోయి చాలా ఏళ్లయింది. తక్కిన ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఇప్పుడు ఆ ఐదుగురిలో మిగిలింది కాక ఒక్కడే.

ఒక ఆదివారం పొద్దున కాక జాబితా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. రాయి చెక్కే మేస్త్రీకి తెలుగు అక్షరం ముక్క రాదు. నేను పెద్ద కాగితం మీద రాతి కొలతకు సరిపడా రాసిస్తే, ఆయన దాన్ని రాయికి అంటించి, గీతల వెంబడి ఉలి నడుపుతాడు. జాబితా తీసుకుని చదివాను. ఇరవై రెండు పేర్లు. ఇంటిపేరు, పేరు, ఊరు. మొదటిది మా నాయినది. సంబరంగా చదువుకుంటూ పోయి, చివరికొచ్చాక కాగితం తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు.

"మా అమ్మ పేరేది కాకా?"

"వదినెదా?" అన్నాడు కాక, ఆమె ఇచ్చిన చాయ్ తాగుతూనే. "గిది సాంచలు నడిపినోళ్ల రాయి బిడ్డా. ఖాతా హాజరు పట్టీల ఉన్నోళ్లనే రాయాలని కమిటీల అనుకున్నం. వండిపెట్టినోళ్లను గుడ రాస్తే రాయి సాలదు. రేపు పంచాయితీ అయితది."

సాంచ అంటే మాలో మరమగ్గం. ఖాతా అంటే సూరత్‌లో మగ్గాల షెడ్డు. ఆ ఖాతాల పట్టీల్లో అప్పుడు ఆడవాళ్ల పేర్లు రాసేవాళ్లు కాదు. మా అమ్మ నన్ను చంకనేసుకుని వచ్చేసరికి ఆ గల్లీలో తెలుగు ఆడమనిషి ఇంకొకరు లేరు. ఒక్క గదిలో ఐదుగురు మగవాళ్లకు ఏళ్ల తరబడి జొన్నరొట్టెలు కొట్టి, పచ్చిపులుసు కలిపి పెట్టింది. మధ్యాహ్నం పూట ఖాతాకు పోయి మగ్గం వెనక కూర్చుని పోగులు అతికేది. అది కూడా నేను చిన్నప్పుడు చూశాను. అంట్లు తోమినట్టే అదీ ఒక ఇంటిపని అనుకున్నాను.

"తిన్నింటి వాసాలు లెక్కవెట్టుడంటే గిదే కాకా," అన్నాను.

అనకూడని మాటే. కాక చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. అమ్మ వంటింట్లోంచి "ఊకో బిడ్డా, పెద్ద మనిషితోని గిట్ల మాట్లాడ్తరా" అని గదమాయించింది. నేను ఊరుకునే రకం కాదు. మా అమ్మ పేరు లేని రాయికి నేను అక్షరం రాయనని జాబితా తిరిగి ఇచ్చేశాను.

"నువ్వు రాయకపోతే రాయి ఆగుతదా?" అని లేచి వెళ్లిపోయాడు కాక.

ఆగింది. నా వల్ల కాదు, కరోనా వల్ల. కమిటీవాళ్లు రాయి కొని తెచ్చి వరండాలో దింపిన వారానికే అన్నీ మూతబడ్డాయి. గోనెసంచి చుట్టిన ఆ రాయి అట్లాగే గోడకు ఆనుకుని నెలల తరబడి ఉండిపోయింది.

కాక గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఏ పెళ్లికి పోయినా, ఏ పండక్కి నలుగురు కూడినా, ఆయన తమ మొదటి నెల కథ చెప్పకుండా విస్తరి ముందు కూర్చోడు. అందరికీ కంఠతా వచ్చు. "వచ్చిన పదిహేను దినాలకే సాంచ ఆగింది. సేఠ్ పొమ్మన్నడు. నెలరోజులు ఎండిన పావ్ ముక్కలు చాయ్‌ల ముంచుకొని తిన్నం. మల్ల సాంచ నడిచింది. అగో, గప్పటిసంది ఆగలే!" అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. 'మల్ల సాంచ నడిచింది' అన్న చోట మా అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. అది ఎందుకు ఆగిందో, మళ్లీ ఎట్లా నడిచిందో ఎవరూ అడగలేదు. పిల్లల్ని ప్రశ్నలు వేయమని పొద్దస్తమానం సతాయించే టీచర్ని, నేనూ అడగలేదు.

మూతబడ్డ ఆ రోజుల్లో మా గల్లీకి మాట పడిపోయింది. ఊహ తెలిసినప్పటినుంచీ చెవుల్లో సాంచల చప్పుడే. అది ఆగిపోయేసరికి అమ్మకు ఏమీ తోచలేదు. పక్క గదుల్లో ఉండే ఒడిశావాళ్లు, యూపీవాళ్లు మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. నా క్లాసు పిల్లలు సగంమంది తల్లిదండ్రులతో ఊళ్లకు పోయారు. మిగిలినవాళ్లకు ఫోన్లో పాఠం చెబితే, ఫోను తండ్రి దగ్గర ఉంటే పిల్ల లేదు, పిల్ల ఉంటే ఫోను లేదు. అమ్మ గడపలో కూర్చుని పాత చీర అంచుల్లోంచి దారాలు లాగుతూ, వేళ్ల మధ్య మెలిపెడుతూ ఉండేది. తోచక అట్లా చేస్తున్నదనుకున్నాను.

ఖాతాలు మెల్లగా తెరుస్తున్నారని తెలిసిన కొద్ది రోజులకు కాక మా ఇంటికొచ్చాడు. ఆ ఆదివారం తర్వాత మళ్లీ అదే రావడం. దూరం పాటించాలని గడప బయటే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మనిషి సగమైపోయాడు. ఆయనకు సూరత్ బయట జోల్వాలో సొంతంగా నాలుగు సాంచలు ఉన్నాయి. జీవితమంతా ఇంకొకరి దగ్గర నడిపి, ముసలితనంలో కూడబెట్టుకున్నవి. నాలుగింటికీ బీములు అయిపోయాయట.

చదివేవాళ్ల కోసం ఇది కొంచెం విప్పి చెప్పాలి. మగ్గం వెనక నిలువు పోగులు చుట్టిన పెద్ద రోలరు ఉంటుంది, దాన్నే బీమ్ అంటారు. అది అయిపోతే కొత్త బీమ్ ఎక్కించాలి. కానీ పాత పోగుల కొసల్ని తీసి పారేయరు. మగ్గంలోనే ఉంచి, ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త కొసను మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. ఒక్కటి వదులైనా మగ్గం నడిచేటప్పుడు తెగుతుంది. ఆ పని చేసేవాళ్లు అందరూ ఊళ్లకు పోయారు. అతికే మిషన్లు ఉన్నవాళ్లు పెద్ద ఖాతాల వెంట తిరుగుతున్నారు, కాక ఫోను చేస్తే ఎత్తడం లేదు.

"ఇంక అమ్ముకునుడే వదినె," అన్నాడు కాక. "ఇనుము కిందికన్న పోతయి."

అమ్మ లోపలినుంచే అడిగింది. "ఎన్ని పోగుల బీమ్ మరిదీ?"

కాక చెప్పాడు. అమ్మ పొయ్యి దగ్గరికి పోయి, డబ్బీలో ఇంత బూడిద పోసుకుని, మూతికి మాస్కు కట్టుకుని వచ్చి నాతో అంది. "బండి తియ్యి."

"ఈ వయసులనా? కండ్లకు ఆపరేషన్ అయి ఏడాది గుడ గాలే!"

"కండ్లతోని అతుకుతరానె పోగులు?" అంది, చెప్పులు వేసుకుంటూ.

స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని జోల్వా తీసుకుపోయాను. దారి పొడుగునా చాలా షెడ్లకు ఇంకా తాళాలే. కాక ఖాతాలో సాంచల మీద దుమ్ము. అమ్మ దుమ్ము దులపలేదు, ఎవరితో మాట్లాడలేదు. మగ్గం వెనక పీట వేసుకుని కూర్చుంది. ఎడమచేతి వేళ్ల మధ్య పాత కొసల్ని ఒక జడలాగా పట్టుకుంది. కొత్తవి మోకాళ్ల మీద పరుచుకుంది. వేళ్లకు బూడిద అద్దుకుని, ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి తీసి, బొటనవేలితో ఒక్క నులుము నులిమి వదిలేసింది. వదిలిన చోట అతుకు కనబడలేదు. నేను ఒక పోగు చూసేలోపు ఆమె నాలుగు అతికింది.

నేనూ సాయం చేస్తానని ఒక పక్కన కూర్చున్నాను. నా చేతిలో ప్రతి పోగూ జారిపోయింది. గంట సేపు కుస్తీ పట్టి ఎడమ అంచున కొన్ని అతికాను. "బడిల పంతులమ్మవు, నీకెందుకే ఇది, నీళ్లు తే పో," అంది అమ్మ. నా గొప్పలన్నీ అక్కడ దిగిపోయాయి. నీళ్లు తేవడానికి పోయాను.

మొదటి బీమ్‌కు రెండు రోజులు పట్టింది. రెండో రోజు సాయంత్రం కాక వచ్చి మీట నొక్కాడు. అతుకులన్నీ దువ్వెనలాంటి పన్నె పళ్ల సందుల్లోంచి ముందుకు కదులుతుంటే ఊపిరి బిగబట్టి చూశాం. టక్కున ఒక పోగు తెగింది. కాక కట్టి మళ్లీ నడిపాడు. ఇంకొకటి తెగింది. ఆ తర్వాత ఇంకొకటి. మొత్తం తెగినవి మూడు. మూడూ ఎడమ అంచున నేను అతికినవే. అమ్మ అతికిన వేల పోగుల్లో ఒక్కటీ తెగలేదు. ఆ మూడు పోగులూ తెగినందుకు నాకు పుట్టినంత సంతోషం నేను పరీక్ష పాసయినప్పుడు కూడా పుట్టలేదు.

సాంచ నడుస్తూనే ఉంది. కాక దాని పక్కన నిలబడి మాస్కు కిందికి లాగి ముఖం తుడుచుకున్నాడు. ఆ చప్పుడులో వినపడాలని గట్టిగా అరిచి చెప్పాడు.

"గప్పుడు గుడ గిట్లనే అయింది బిడ్డా! మా ఐదుగురికి నేసుడొక్కటే ఎరుక. ఇండ్లల్ల మొగోళ్లం నేస్తుంటిమి, అతుకుడు ఆడోళ్లది. ఆడోళ్లను ఊర్ల ఇడిచి సగం పనే పట్టుకొని వస్తిమి. బీమ్ అయిపోయినంక అందరం సాంచ ముంగట కూసొని ఒకరి మొకాలొకరం చూసుకున్నం. నడిపెటోడే అతుక్కోవాలె, లేకుంటే పోండ్రి అన్నడు సేఠ్. మీ నాయిన ఊరికి ఉత్తరం రాసిండు. వదినె వచ్చింది. రైలు దిగిన తెల్లారే ఖాతాల కూసున్నది, నిన్ను బట్ట మీద పండవెట్టి."

"మరి గీ ముచ్చట ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"శరం అనిపించింది," అన్నాడు కాక. "పని రాక ఆడిమనిషిని పిలిపిచ్చుకున్నమని ఎట్ల చెప్పాలె?"

ఆ మాట అంత తేటగా ఒప్పుకున్నందుకు నాకు ఆయన మీద ఉన్న కోపం సగం చల్లారింది. తక్కిన సగం దాచుకున్నాను, మీటింగుకు పనికొస్తుందని.

మిగిలిన మూడు బీములూ అమ్మ పది రోజుల్లో పూర్తిచేసింది. సంగతి వడోద్ అంతా పాకింది. వేరే ఖాతాల నుంచి కూడా మనుషులు వచ్చి బతిమాలారు. అమ్మ మా గల్లీలోని ఇద్దరు కోడళ్లకు, ఒక కాలేజీ పిల్లకు నేర్పి పంపింది, తాను మాత్రం వెళ్లలేదు. "నడుము నొస్తున్నది. మీ కాక సాంచలంటే వేరు," అంది.

నలుగురు కూడవచ్చన్నాక హాల్లో మీటింగు పెట్టారు. కుర్చీలు దూరదూరంగా వేశారు. ఈసారి అమ్మను కూడా వెంటబెట్టుకుపోయాను. నేను మాట్లాడాల్సినవన్నీ రాసుకున్నాను, రెండు పేజీలు. తెరిచే పని పడలేదు. కాకే లేచి, ఇన్నేళ్లుగా చెప్పిన మొదటి నెల కథ మళ్లీ చెప్పాడు. ఈసారి మధ్యలో దాచింది కూడా కలిపి చెప్పాడు. చివర్న, "రాయి మీద మొదటి పేరు వదినెది," అన్నాడు.

ఒకాయన చెయ్యెత్తాడు. "మొదలు వచ్చింది మీరు ఐదుగురు గద. ఆమె ఎనుక వచ్చింది."

"వచ్చుడు మేమొచ్చినం. సాంచ నడిచింది ఆమె వచ్చినంకనే," అన్నాడు కాక. ఆ పెద్దమనిషి చెయ్యి దింపుకున్నాడు.

అప్పుడు సెక్రటరీ పెన్ను తీశాడు. బ్యాంకులో పనిచేసే కుర్రాడు, ఇక్కడే పుట్టి పెరిగాడు. "ఆంటీ పేరు ఏం రాయాలె?" అని అడిగాడు. అందరూ కాక వైపు చూశారు. కాక నా వైపు చూశాడు. ఆమె చేతి రొట్టె తిన్నవాళ్లు, ఆమె అతికిన పోగు మీద బతికినవాళ్లు అంతమంది ఉన్నారు అక్కడ, ఆమె పేరు నాకు తప్ప ఒక్కరికీ తెలియదు. పెద్దలకు వదినె, పిల్లలకు పెద్దమ్మ, ఇంకా చిన్నవాళ్లకు అమ్మమ్మ. మా నాయిన కూడా ఆమెను "ఏమే" అనే పిలిచేవాడు.

సెక్రటరీ మంచి మనసుతోనే అన్నాడు. "అందరు వదినెనే అంటరు గద మేడమ్. రాయి మీద గుడ 'వదినె' అని రాసేద్దాం. సబ్‌కో సమజ్ అయితది. మంచిగుంటది."

చాలామంది తలలు ఊపారు. నా చేతిలో కాగితాలు నలిగిపోతున్నాయి. నోరు తెరవబోయాను. అంతలో అమ్మే లేచింది. మీటింగుల్లో ఆమె ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. మాస్కు ఒక చెవినుంచి విప్పింది.

"ఏమయ్యా, మీ ఇరవై రెండు మందిల ఎవర్నన్న 'బావ' అని రాసిండ్రా? 'బామ్మర్ది' అని రాసిండ్రా?"

ఒక్కసారిగా అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా కాక.

"నాకు పేరున్నది," అంది అమ్మ. "మా నాయిన పెట్టిండు. రాస్కో."

చెప్పింది. ఇంటిపేరు, పేరు, ఊరు. హాజరు పట్టీలో పిలిస్తే మగవాళ్లు పలికినట్టు, గొంతు ఎత్తి, ఒక్కో ముక్కా విడివిడిగా. సూరత్ వచ్చాక నలుగురి ముందు ఆమె తన పేరు చెప్పుకోవడం అదే మొదటిసారి. కాక ఆ పేరును నోట్లోనే ఒకసారి అనుకుని చూసుకున్నాడు. "ఇన్నేండ్లు తిన్నం, పేరడగలే వదినె," అన్నాడు. "ఇప్పుడన్న అడిగిండ్రు తియ్యి," అని అమ్మ కూర్చుంది. నేను ఏడ్చాను. టీచర్నయినా అందరి ముందే ఏడ్చాను, నాకేమీ నామోషీ అనిపించలేదు.

అక్షరాలు రాయడానికి వారం పట్టింది. మొదటి వరుసే నాలుగుసార్లు చింపి రాశాను. చెక్కే మేస్త్రీ కాగితం అంటిస్తూ, "బెన్, యే పహ్‌లా నామ్ కిస్‌కా హై?" అని అడిగాడు. ఆ మొదటి పేరు మా అమ్మదన్నాను. "అచ్ఛా," అని ఉలి అందుకున్నాడు.

రాయి తయారైనా నిలబెట్టడం ఆలస్యమైంది. రెండోసారి వచ్చిన కరోనా మొదటిదానికంటే కఠినంగా వచ్చింది. రాయి మీద ఉన్న పేర్లలో ఇద్దరు ఆ వేసవిలో పోయారు. అమ్మకూ సోకింది, పదిహేను రోజులు మంచంలో ఉంది. తేరుకున్నాక మొదట అడిగింది రాయి గురించే. "నేను గుడ పోతే కీర్తిశేషులు అని ముంగట చెక్కుతరేమో, నా పేరు పక్కకు జరగాలె," అంది. జరగనివ్వనని చెప్పాను. ఆమె కూడా జరగనివ్వలేదు.

ఆ చలికాలంలోనే రాయి నిలబెట్టాం. గుడ్డ ఎవరు తీయాలన్న దాని మీద ఈసారి మీటింగు పడలేదు. అమ్మ వెళ్లి ఒక్క లాగు లాగింది. డప్పులు మోగాయి, పిల్లలు ఈలలు వేశారు, కాక చేతులు రెండూ పైకెత్తి ఎగిరాడు. ఆమెకు చదువు రాదు. పైవరుస మీద బొటనవేలు, చూపుడువేలు పెట్టి, పోగు వెతికినట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడిమింది. "మంచిగ లోతుగ ఉన్నది, తెగదు," అంది.

సాయంత్రం అందరం డుమస్ వెళ్లి, సముద్రపు గాలిలో టమాటా భజియాలు తిన్నాం. కారం ఎక్కువైందని అమ్మ బండివాడితో హిందీలో పోట్లాడింది. "తేరా నామ్ క్యా హై?" అని ముందు వాడి పేరు అడిగి, ఆ తర్వాత తిట్టింది.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లల్ని ఏటా నేను ఆ రాయి దగ్గరికి తీసుకుపోతాను. గుజరాతీ గడగడా చదివేవాళ్లు, తెలుగు దగ్గరికొస్తే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు. పైనుంచి మొదలుపెట్టమంటాను. అందుకని మా బడిలో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తెలుగులో మొదట గట్టిగా చదివే పేరు మా అమ్మది. అప్పుడు పక్క గల్లీలో ఇంటి ముందు కూర్చున్న ఆమెకు అది వినిపిస్తుంది. "ఆ!" అని పలుకుతుంది.

ఆ పేరు నేను ఇక్కడ రాయను. కాగితం మీద రాస్తే మీరు కూర్చున్న చోటే చదివేస్తారు. అంత సులువుగా దొరికింది కాదు అది. సూరత్ రండి, వడోద్‌లో దిగండి, సంఘం హాలు ఎక్కడని అడగండి. మెట్ల పక్కన నల్లరాయి. పైనుంచి మొదటి వరుస.